కెనడా–అమెరికా ఐస్ హాకీ ఫైనల్: మొదటిసారి చూసేవాళ్లు ఎలా చూడాలి

టొరంటోకో డాలస్‌కో వచ్చి ఏడాదో రెండేళ్లో అయ్యుంటుంది. ఆఫీసులో ఎవరో "ఫైనల్ మా ఇంట్లోనే, తప్పకుండా రావాలి" అంటారు. మొహమాటానికి వెళ్తారు. టీవీలో తెల్లటి ఐస్ మీద పదిమంది అటూ ఇటూ దూసుకుపోతుంటారు. ఉన్నట్టుండి గదిలో అందరూ లేచి అరుస్తారు. మీకేమో ఆ నల్లచుక్క ఎక్కడుందో కూడా కనబడదు. నా మొదటి మ్యాచ్ అలాగే గడిచింది. అందరూ అరిచారు కదా అని నేనూ చప్పట్లు కొట్టాను. గోల్ వేసింది అవతలివాళ్లని, ఆ కేకలు సంతోషంతో వేసినవి కావని పక్కాయన మర్యాదగా చెవిలో చెప్పాడు.

మీకు ఆ తిప్పలు వద్దు. ఈ ఆట చూడటానికి రూల్ బుక్ అంతా చదవక్కర్లేదు, నాలుగు రూల్స్ చాలు. అసలు ఇబ్బంది కళ్లతోనే. క్రికెట్ చూసి పెరిగినవాళ్లం, చూపు బంతి వెంటే పోతుంది. ఇక్కడ ఆ అలవాటు కాస్త మానుకుంటే సగం ఆట అర్థమైపోతుంది.

1. ఏ టోర్నీయో, ఎన్నింటికో ముందు చూసుకోండి

కెనడా–అమెరికా ఫైనల్ ఏటా ఫలానా రోజున అని ఉండదు. శీతాకాల ఒలింపిక్స్ అయితే నాలుగేళ్లకోసారి ఫిబ్రవరిలో వస్తుంది. పురుషుల ప్రపంచ ఛాంపియన్‌షిప్ మే నెలలో జరుగుతుంది, కానీ అప్పుడు ఎన్‌హెచ్‌ఎల్ (అమెరికా, కెనడా క్లబ్బుల లీగ్) ప్లేఆఫ్స్ నడుస్తుంటాయి కాబట్టి పెద్ద స్టార్లు చాలామంది రారు. ఇరవై ఏళ్ల లోపు కుర్రాళ్ల టోర్నీ క్రిస్మస్ మర్నాడు మొదలై జనవరి మొదటివారంలో ముగుస్తుంది. 2025 ఫిబ్రవరిలో కెనడా, అమెరికా, స్వీడన్, ఫిన్లాండ్ జట్లతో ఫోర్ నేషన్స్ అని ఒక చిన్న టోర్నీ పెట్టారు. దాని ఫైనల్ కూడా వీళ్లిద్దరి మధ్యే జరిగింది.

నన్నడిగితే మొదటిసారికి మహిళల ఫైనల్ మంచిది. ఒలింపిక్స్‌లో మహిళల హాకీ మొదలైంది 1998లో, నగానోలో. అప్పటి నుంచి 2022 వరకు ఏడు ఫైనల్స్ జరిగితే ఆరింటిలో ఈ రెండు దేశాలే తలపడ్డాయి. 2006లో మాత్రం అమెరికా బదులు స్వీడన్ వచ్చింది. పైగా మహిళల ఆటలో ఒంటితో గుద్దేయడానికి అంతగా ఒప్పుకోరు. దాంతో పాస్‌లు, ఖాళీలు కొత్తవాళ్ల కంటికి బాగా ఆనతాయి.

ఇండియాలో ఉన్న అమ్మానాన్నలకో తమ్ముడికో కూడా చూపించాలనుకుంటే గంటలు లెక్కపెట్టుకోండి. ఫిబ్రవరిలో టొరంటోకీ మనకీ పదిన్నర గంటల తేడా. ఫోర్ నేషన్స్ ఫైనల్ బోస్టన్‌లో గురువారం రాత్రి 8కి పెడితే హైదరాబాద్‌లో శుక్రవారం పొద్దున్న ఆరున్నర. కాఫీ తాగుతూ చూడొచ్చు. 2010 వాంకూవర్ ఫైనల్ అక్కడ మధ్యాహ్నం ఆట, ఇండియాలో అర్ధరాత్రి దాటాక. మార్చిలో గడియారాలు మార్చాక తేడా తొమ్మిదిన్నర గంటలకు తగ్గుతుంది. ఆ ఒక్క గంట దగ్గరే చాలామంది పొరపడతారు.

ఆట మూడు పీరియడ్లు, ఒక్కోటి 20 నిమిషాలు. ఆట ఆగినప్పుడల్లా గడియారం కూడా ఆగుతుంది. మధ్యలో పావుగంటకు పైగా రెండు బ్రేకులు. మొత్తం రెండున్నర గంటలు పెట్టుకోండి, ఓవర్‌టైమ్ వేరే. మిర్చి బజ్జీలు తీసుకెళ్తానని మాటిచ్చి ఉంటే పిండి ముందే కలిపి పెట్టుకుని బ్రేకులోనే వేయండి. ఆట నడుస్తుండగా బాండీ దగ్గర నిలబడ్డారో, గోల్ మీకు వినబడటమే గానీ కనబడదు.

2. ముందురోజు ఒక చిన్న వీడియో మూడుసార్లు చూడండి

ఈ ఒక్కటి మాత్రం మానకండి. మిగతావన్నీ మర్చిపోయినా పర్లేదు.

యూట్యూబ్‌లో క్రాస్బీ పేరు, 2010 వాంకూవర్, గోల్డెన్ గోల్ అని వెతకండి. ఫిబ్రవరి 28, ఒలింపిక్స్ ఫైనల్, స్కోరు 2–2, ఓవర్‌టైమ్‌లో ఏడు నిమిషాల నలభై సెకన్లు గడిచాయి. గోల్‌కి ముందు పది సెకన్ల నుంచి పెట్టుకోండి.

మొదటిసారి పక్‌నే చూడండి. పక్ అంటే గట్టి రబ్బరు బిళ్ల, మూడంగుళాల వెడల్పు, ఒక అంగుళం మందం. బరువు ఇంచుమించు క్రికెట్ బంతంత. ఎగిరెగిరి పడకుండా ఉండాలని దాన్ని ఫ్రీజర్‌లో గడ్డకట్టించి మరీ ఆటలోకి తెస్తారు. వీడియోలో అది మూలకి పోతుంది, బోర్డుల (ఐస్ చుట్టూ ఉండే గోడ) పక్కన కుమ్ములాట జరుగుతుంది, అంతలోనే నెట్‌లో ఉంటుంది. ఎలా వెళ్లిందో అంతుపట్టదు.

రెండోసారి పక్‌ని వదిలేసి 87 నంబర్ మీదే కన్నుంచండి. అతనే కెనడా ఆటగాడు సిడ్నీ క్రాస్బీ. మూలలో ఉన్న జెరోమ్ ఇగిన్లాకి పక్ అందించి అక్కడే ఆగిపోడు. నెట్ వైపు కదులుతూ "ఇగ్గీ" అని కేకేస్తాడు. ఇగిన్లా మీద అమెరికా డిఫెండర్ పడుతున్నాడు. కిందపడుతూనే ఇగిన్లా ఆ కేక వినబడ్డ వైపు పక్ తోసేస్తాడు. అందుకున్న క్రాస్బీ తలెత్తి కూడా చూడడు, అందీ అందగానే కొట్టేస్తాడు.

మూడోసారి అమెరికా గోలీ (గోల్ కాచేవాడు) ర్యాన్ మిల్లర్‌ని చూడండి. సర్దుకునేలోపే పక్ కాళ్ల సందులోంచి వెళ్లిపోయింది. ఆ టోర్నీ మొత్తానికి మేటి ఆటగాడుగా ఎంపికైంది ఈ మిల్లరే. అంతటివాడికే ఆ క్షణంలో సమయం చాలలేదు.

మూడుసార్లు చూశాక మీకే తెలుస్తుంది, గోల్ పుట్టింది పక్ ఉన్న మూలలో కాదు, క్రాస్బీ కదిలి వెళ్లిన ఖాళీలో అని. రేపు ఫైనల్‌లో మీరు వెతకాల్సింది ఆ ఖాళీల కోసమే.

3. నాలుగు రూల్స్

ఒక్కో జట్టుకి ఐస్ మీద ఆరుగురు, అందులో ఒకరు గోలీ. ఐస్ మీద రెండు నీలిగీతలు, మధ్యలో ఒక ఎర్రగీత ఉంటాయి.

ఆఫ్‌సైడ్ తేలిక. అవతలివాళ్ల నీలిగీతని పక్ దాటాకే మనిషి దాటాలి. ముందే దూరితే విజిల్.

ఐసింగ్ కాస్త తిరకాసు. ఊపిరాడనప్పుడు ఎర్రగీతకి ఇవతల నుంచే పక్‌ని అవతలి చివరికంటా కొట్టేసి "హమ్మయ్య" అనుకోవడం కుదరదు. అలా చేస్తే ఆట మళ్లీ మీ గోల్ పక్కనుంచే మొదలవుతుంది. అసలు శిక్ష అది కూడా కాదు. ఆ తప్పు చేసిన జట్టు ఆటగాళ్లను మార్చుకోకూడదు. రొప్పుతున్నవాళ్లే మళ్లీ నిలబడి ఆడాలి. ఐసింగ్ విజిల్ పడగానే ఆ ఐదుగురి మొహాలు చూడండి, తర్వాతి అరనిమిషం ఎలా ఉండబోతోందో తెలిసిపోతుంది.

పెనాల్టీ మనకి బాగానే అర్థమవుతుంది. కబడ్డీలో అవుటైనవాడు బయట కూర్చుంటాడు కదా, అలా తప్పు చేసినవాడు రెండు నిమిషాలు పెనాల్టీ బాక్స్‌లో కూర్చుంటాడు. అతని జట్టు గోలీ కాక నలుగురితో నెట్టుకురావాలి. అవతలి జట్టుకి దక్కే ఈ అవకాశాన్ని పవర్ ప్లే అంటారు. క్రికెట్ పవర్ ప్లేకీ దీనికీ పేరు తప్ప సంబంధం లేదు. ఆ రెండు నిమిషాల్లో అవతలివాళ్లు గోల్ వేస్తే బాక్స్‌లో ఉన్నవాడు వెంటనే బయటికొస్తాడు. నలుగురే ఉన్న జట్టు మాత్రం పక్‌ని ఎంత దూరమైనా కొట్టుకోవచ్చు, ఐసింగ్ ఉండదు.

నాలుగోది గోలీని బయటికి పిలవడం. దాని సంగతి చివర్లో చెప్తాను, అక్కడే దానికి విలువ.

4. మ్యాచ్ నడుస్తుండగా కళ్లు ఎక్కడ పెట్టాలి

మొదటి ఐదు నిమిషాలు బెంచ్ వైపు చూడండి. ఒక్కొక్కరు ముప్పావు నిమిషం ఆడి గోడ మీదుగా దూకి లోపలికి వెళ్లిపోతారు, ఆట ఆగకుండానే వేరేవాళ్లు దూకుతారు. దీన్ని షిఫ్ట్ అంటారు. ఎవరైనా నిమిషం దాటినా ఐస్ మీదే ఉండిపోయారంటే అవతలివాళ్లు వాళ్లను మారనివ్వట్లేదన్నమాట. అలాంటప్పుడే గోల్ పడే అవకాశం ఎక్కువ.

రెండో పీరియడ్‌లో ఇది ఇంకా బాగా తెలుస్తుంది. జట్లు వైపులు మారతాయి, బెంచీలు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. దాంతో తమ గోల్‌ని కాచుకునేవాళ్లకి బెంచ్ దూరమైపోతుంది. అలసిపోయినా అంత దూరం వెళ్లి మారడానికి వీలుపడదు. రెండో పీరియడ్‌లో డిఫెన్స్ తడబడుతోందని కామెంటేటర్ అంటే ఇదొక కారణం. పక్కవాళ్లతో ఈ మాట అని చూడండి, మిమ్మల్ని చూసే చూపే మారిపోతుంది.

తర్వాత చూడాల్సింది నెట్‌కి ఎదురుగా, కొంచెం దూరంగా ఉండే చోటు. దాన్ని స్లాట్ అంటారు. ఫోర్ నేషన్స్ ఫైనల్ కూడా 2–2తో ఓవర్‌టైమ్‌కి వెళ్లింది. ఎనిమిది నిమిషాలు దాటాక మిచ్ మార్నర్ దగ్గర పక్ ఉంది, అందరి కళ్లూ అతని మీదే. స్లాట్‌లో కానర్ మెక్‌డేవిడ్ ఒంటరిగా నిలబడ్డాడు. ఈ భూమ్మీద ఉన్న ఆటగాళ్లందరిలో ఎవరిని వదిలేసినా అతన్ని వదలకూడదు. వదిలేశారు. కెనడా 3–2.

పక్ కనబడకపోతే కంగారు పడకండి. ఆటగాళ్ల మొహాలన్నీ ఎటు తిరిగి ఉన్నాయో చూస్తే పక్ అటే ఉంటుంది.

స్టేడియంలోనే చూసే యోగం పడితే స్వెటర్ తప్పనిసరి. అద్దాన్ని ఆనుకుని ఉండే సీట్ల కోసం ఆశపడకండి. అక్కడ గుద్దుళ్లు బాగా కనబడతాయి గానీ ఆట కనబడదు. కాస్త పై వరసలే మేలు. 2002లో కొలంబస్‌లో పక్ తగిలి ఒక చిన్నపిల్ల చనిపోయింది. ఆ తర్వాతే గోల్స్ వెనకవైపు వల తప్పనిసరి చేశారు. పక్కవైపు సీట్లకు వల ఉండదు, అక్కడ కూర్చుంటే ఆట నడుస్తుండగా ఫోన్ చూడకండి.

5. కొట్టుకుంటుంటే ఏం చేయాలి

ఏమీ చేయక్కర్లేదు, చూడటమే. అయితే అది ఎన్‌హెచ్‌ఎల్ రూల్స్‌తో జరిగే టోర్నీ అయితేనే. అక్కడ చేతి తొడుగులు పడేసి కొట్టుకుంటే ఐదు నిమిషాల శిక్షతో సరిపెడతారు. ఒలింపిక్స్‌లో, ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో కొట్టుకుంటే ఆ మ్యాచ్‌లో ఇక ఆడనివ్వరు, అందుకని అక్కడ దాదాపు కనబడదు.

ఫోర్ నేషన్స్‌లో ఫైనల్‌కి ఐదు రోజుల ముందు మాంట్రియల్‌లో ఈ రెండు జట్లే ఆడాయి. ఆట మొదలైన తొమ్మిది సెకన్లలో మూడు కొట్లాటలు. చూసేవాళ్లకి కుర్చీలో సర్దుకునే తీరిక కూడా ఇవ్వలేదు. ఆ రోజు అమెరికా 3–1తో గెలిచింది. ఫైనల్లో మాత్రం ఎవరూ తొడుగులు పడేయలేదు. కప్పు ముందున్నప్పుడు ఐదు నిమిషాలు బాక్స్‌లో కూర్చోవడం ఎవరికీ ఇష్టముండదు.

6. ఈ పంతం ఎక్కడిదో తెలుసుకుని కూర్చోండి

మన పేపర్లలో అయితే దీన్ని దాయాదుల పోరు అనేస్తారు. ఒకరకంగా సరైన మాటే. దాయాదుల గొడవ ఎప్పుడూ ఉమ్మడి ఆస్తి గురించే కదా. ఇక్కడ ఆ ఆస్తి ఎన్‌హెచ్‌ఎల్. అందులో 32 క్లబ్బులుంటే కెనడాలో ఉన్నవి ఏడే, మిగతా ఇరవై ఐదూ అమెరికాలో. కెనడా క్లబ్ ఆ లీగ్ కప్పు, అంటే స్టాన్లీ కప్, చివరిసారి గెలిచింది 1993లో, మాంట్రియల్. ఆ తర్వాత మూడు దశాబ్దాలు దాటినా మరో కెనడా ఊరికి ఆ కప్పు రాలేదు. ఆడేవాళ్లలో కెనడా కుర్రాళ్లే ఎక్కువ, ఊరేగింపులు మాత్రం ఫ్లోరిడాలో. పంట మనది, గాదె పక్కింటివాళ్లది అన్నట్టు. దేశం జెర్సీ వేసుకున్నప్పుడే ఆ లెక్క తేల్చుకునే వీలు. నాలుగు కోట్ల జనం ముప్పైనాలుగు కోట్లవాళ్ల మీద ఖచ్చితంగా గెలవాలనుకునే ఆట ఇదొక్కటే.

2025లో దీనికి రాజకీయం కూడా తోడైంది. సుంకాల గొడవ, కెనడాని 51వ రాష్ట్రం చేస్తామన్న మాటలు. మాంట్రియల్‌లో అమెరికా జాతీయగీతాన్ని జనం ఎగతాళి చేశారు. బోస్టన్‌లో కెనడా గీతం పాడిన గాయని షాంటాల్ క్రెవియాజుక్ నిరసనగా ఒక పంక్తిని మార్చి పాడింది. కాబట్టి ఇతరుల ఇంట్లో చూస్తుంటే గీతం సమయంలో లేచి నిలబడండి, టోపీ తీయండి, వ్యాఖ్యానాలు తర్వాత.

ఇంకో తమాషా గమనించండి. వీళ్లు మిగతా ఏడాదంతా ఒకే క్లబ్‌లో అన్నదమ్ముల్లా ఆడేవాళ్లు. వాంకూవర్ ఫైనల్లో అమెరికా మొదటి గోల్ వేసింది రయన్ కెస్లర్. అప్పుడు కెనడా గోలీ రాబర్టో లువాంగో. ఇద్దరూ వాంకూవర్ కనక్స్ ఆటగాళ్లే, ఆ స్టేడియం ఇద్దరి సొంతిల్లే. రోజూ ప్రాక్టీసులో చూసే గోలీ మీద, రోజూ ఆడే చోటే గోల్ కొట్టాడు. కెస్లర్‌కి ఆ పక్ అందించిన పాట్రిక్ కేన్‌దీ అలాంటి కథే. ఫిబ్రవరిలో కెనడా కోసం ఆడిన జానథన్ టేవ్స్‌తో కలిసి అదే జూన్‌లో షికాగోకి స్టాన్లీ కప్ తెచ్చాడు. టీవీలో ఎవరైనా గోల్ కొడితే ఫోన్‌లో అతని క్లబ్ చూసి, అవతలి జట్టులో ఆ క్లబ్‌వాళ్లెవరో వెతకండి. బ్రేకులో మంచి కాలక్షేపం.

నమ్మకాల మాటకొస్తే వీళ్లేమీ మనకు తీసిపోరు. 2002 సాల్ట్ లేక్ సిటీ ఒలింపిక్స్‌లో ఐస్ వేయడానికి ఎడ్మంటన్ నుంచి వెళ్లిన ట్రెంట్ ఎవాన్స్ రింక్ నడిమధ్యలో, ఐస్ కింద, గుట్టుగా కెనడా డాలర్ నాణెం పాతిపెట్టాడు. మనం శంకుస్థాపనలో నవరత్నాలు వేసినట్టు. కెనడా మహిళలు ఫైనల్లో అమెరికాని 3–2తో ఓడించారు. తర్వాత పురుషులు అదే అమెరికాని 5–2తో ఓడించి, 1952 తర్వాత యాభై ఏళ్లకి స్వర్ణం తెచ్చారు. ఆ నాణెం టొరంటోలో హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉంది. అటు వెళ్తే చూసి రండి.

7. చివరి మూడు నిమిషాలు కదలకండి

ఒక గోల్ వెనకబడ్డ జట్టు చివర్లో గోలీని బెంచ్‌కి పిలిచి, అతని బదులు ఆరో దాడి ఆటగాణ్ని దింపుతుంది. ఇటు గోల్ ఖాళీ. తెగింపే, కానీ ఒక గోల్‌తో ఓడినా రెండు గోల్స్‌తో ఓడినా ఓటమి ఓటమే కదా.

2014 సోచి మహిళల ఫైనల్ దీనికి పాఠం. అమెరికా 2–0 ముందుంది. మూడున్నర నిమిషాలు కూడా లేవనగా కెనడా ఒకటి వేసింది. తర్వాత గోలీని బయటికి పిలిచారు. అమెరికా క్రీడాకారిణి ఒకరు చాలా దూరం నుంచి ఖాళీ గోల్ వైపు పక్ కొట్టింది. అది జారుకుంటూ, జారుకుంటూ వెళ్తోంది. ఆపడానికి ఎవరూ లేరు. స్వర్ణం ఖాయమనుకున్నారు. పక్ నెమ్మదిగా వెళ్లి స్తంభానికి తగిలి పక్కకి పోయింది. చివరి నిమిషంలో మారీ ఫిలిప్ పులాన్ స్కోరు సమం చేసింది. ఓవర్‌టైమ్‌లో గెలుపు గోల్ కూడా ఆమెదే. వాంకూవర్‌లోనూ అమెరికా ఇలాగే, గోలీని పిలిచాక, ఇరవై అయిదు సెకన్లలోపు మాత్రమే ఉండగా జాక్ పరీజే గోల్‌తో 2–2 చేసింది.

అందుకని మూడు నిమిషాలు ఉన్నాయనగా టీవీలో గోలీ మీద ఓ కన్నేసి ఉంచండి. అతను బెంచ్ వైపు తల తిప్పి తిప్పి చూస్తున్నాడంటే పిలుపు కోసం ఎదురుచూస్తున్నట్టే.

8. ఓవర్‌టైమ్ రూల్ ముందే అడిగి పెట్టుకోండి

ఎవరు ముందు గోల్ వేస్తే వాళ్లదే, ఇది ఎక్కడైనా ఒకటే. గోలీ కాక ఎంతమందితో ఆడతారన్నదే టోర్నీని బట్టి మారుతుంది. 2010లో నలుగురితో, ఫోర్ నేషన్స్‌లో ఐదుగురితో ఆడారు. అంతర్జాతీయ సమాఖ్య ఫైనల్స్‌లో ఇప్పుడు ముగ్గురితోనే. ముగ్గురంటే ఐస్ అంతా ఖాళీ, రెప్ప వేస్తే గోల్. 2018 ప్యోంగ్‌చాంగ్ మహిళల ఫైనల్‌లో ఓవర్‌టైమ్‌లోనూ తేలక షూటౌట్‌కి వెళ్లారు. అమెరికా గెలిచింది.

9. గోల్ పడ్డాక టీవీ కట్టేయకండి

గెలిచినవాళ్లు కర్రలు, తొడుగులు, హెల్మెట్లు ఐస్ మీద విసిరేసి ఒకరి మీద ఒకరు పడతారు. అది సద్దుమణిగాక రెండు జట్లూ వరసలో నిలబడి ఒక్కొక్కరితో చేయి కలుపుతాయి. క్లబ్‌లో తోటివాళ్లు ఎదురైనప్పుడు ఆ చేయి ఒక క్షణం ఎక్కువ ఆగుతుంది, గమనించండి. పతకాల తర్వాత విజేతల గీతం వినిపిస్తారు.

ఐస్ మీద చెల్లాచెదురుగా పడి ఉన్న ఆ సామాను ఎవరిది ఎవరు తీసుకుంటారో కూడా చూస్తూ ఉండండి. వాంకూవర్‌లో క్రాస్బీ విసిరేసిన కర్ర, తొడుగు ఆ సందడిలో మాయమయ్యాయి. దేశమంతా వెతికారు. కొన్నాళ్లకి ఆ తొడుగు తోటి ఆటగాడు పాట్రిస్ బెర్జెరాన్ సంచిలో, అతని సామానుతో కలిసిపోయి బయటపడింది.